ఎకరాలు తగ్గలేదు సరే, సత్తువ మాటేమిటి?

రెండు మట్టిగడ్డలు తీసుకోండి. ఒకటి ఏళ్ల తరబడి దున్నుతున్న చేను నడిమి నుంచి, ఇంకొకటి అదే చేను గట్టు మీద నాగలి తగలని గడ్డి దుబ్బు కింది నుంచి. రెండింటినీ బాగా ఎండనిచ్చి, రెండు గాజు గ్లాసుల నిండా నీళ్లు పోసి మెల్లగా దించండి. చేను నడిమి గడ్డ చాలాసార్లు బుడగలు వదులుతూ నిమిషాల్లో కూలిపోతుంది, నీళ్లు బురదైపోతాయి. గట్టు గడ్డ గంట తర్వాత చూసినా పెద్దగా చెక్కుచెదరదు. మట్టి ఒకటే, పడిన వానా ఒకటే, కాసిన ఎండా ఒకటే. గట్టు మట్టిని గడ్డి వేళ్లూ, శిలీంధ్రాల దారాలూ, కుళ్లిన ఆకుల జిగురూ కలిసి పట్టుకుని ఉన్నాయి. చేను మట్టిలో ఆ జిగురు అరిగిపోయింది. అలాంటి నేల మీద గట్టి వాన పడితే పైపొర పెంకు కడుతుంది. నీరు లోపలికి దిగదు, పక్కకి పారుతుంది, పోతూ పోతూ కాస్త మట్టినీ వెంటపెట్టుకుపోతుంది.

ఈ తేడా ఏ భూమి రికార్డులోనూ కనపడదు. సాగుభూమిని కాపాడుకోవాలి అనగానే అందరం హెక్టార్లు లెక్కపెడతాం: ఎన్ని ఉన్నాయి, ఎన్ని పోయాయి, ఎన్ని కొత్తగా వచ్చి చేరాయి. లెక్కపెట్టడం తేలిక కాబట్టి. అయితే ఒక హెక్టారు ఎంతమందికి తిండి పెడుతుందనేది దాని కొలతను బట్టి తేలదు. పైమట్టి ఎంత లోతుంది, నీరు ఎంత అందుతుంది, ఏడాదికి ఎన్ని పంటలు పడతాయి, చేసే మనుషులున్నారా లేదా, ఇవన్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కుంటుపడినా మిగతావి ఎంత బాగున్నా లాభం లేదు. ఆర్థికాభివృద్ధి, పర్యావరణం మీద ఒత్తిడి అని మనం విడివిడిగా మాట్లాడుకునే రెండూ వీటినే చెరో వైపు నుంచి లాగుతుంటాయి.

1960లో భూమ్మీద ఉన్న జనం 300 కోట్లు. 2022 నవంబరుకి 800 కోట్లయ్యారు. సాగుభూమి ఆ లెక్కన పెరగలేదు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద 150 కోట్ల హెక్టార్ల పైచిలుకు ఉంది. మనిషికి ఇంత అని పంచితే అప్పట్లో ఎకరం పైన వచ్చేది, ఇప్పుడు అరెకరం దగ్గర ఆగుతుంది. నేల సగానికి పడిపోయినా మనిషికి దొరికే తిండి సగటున పెరిగింది. కొత్త విత్తనాలు, సాగునీరు, రసాయన ఎరువు కలిసి చేసిన పని ఇది. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నైట్రోజన్‌ని అమ్మోనియాగా మార్చి చూపించాడు. 1913లో కార్ల్ బాష్ జర్మనీలోని ఒప్పావులో దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. ఇవాళ మన ఒంట్లోని నైట్రోజన్‌లో పెద్ద వాటా ఏదో ఒక ఎరువుల ఫ్యాక్టరీ దాటి వచ్చిందే. ఎరువుని తిట్టిపోసే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. అది లేకుండా ఈ 800 కోట్ల మందికి తిండి ఎలాగో చెప్పాకే తిట్టాలి.

దిగుబడి దాచిపెట్టేది

చిక్కు వేరే చోట ఉంది. నేల చేసే పనులు ముఖ్యంగా మూడు: మొక్కకి పోషకాలివ్వడం, వాన నీటిని పట్టి ఉంచి తర్వాత అందించడం, వేరు దిగడానికి చోటివ్వడం. ఎరువు బస్తా తీర్చేది మొదటి లోటునే. నేల మిగతా రెండు పనుల్లో వెనకపడుతున్నా, వానలు సకాలంలో పడిన ఏడాది పంట బాగానే వస్తుంది. దిగుబడి పట్టిక చూసిన అధికారికి అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. మూడు వారాలు వాన మొహం చాటేసిన ఏడు మాత్రం పక్కపక్క చేలలో ఒకటి నిలబడుతుంది, ఇంకొకటి వాడిపోతుంది. అరిగిన సత్తువ బయటపడేది అప్పుడే.

దీన్ని ఓపికగా కొలిచిన చోటు ఒకటుంది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 నుంచి గోధుమ మీద ఒకే ప్రయోగం నడుస్తోంది. జాన్ బెనెట్ లాస్ మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆగలేదు. అందులో ఒక మడికి ఇన్నేళ్లలో ఏ ఎరువూ వేయలేదు. అది హెక్టారుకి టన్ను అటూ ఇటూగా పండుతూనే ఉంది. రసాయన ఎరువు వేసే మళ్లు దానికి ఎన్నో రెట్లు పండుతాయి. ఇంకో మడికి ఏటా పశువుల ఎరువు. ఆ మట్టిలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన మొక్కలూ పేడా నేలలో మిగిల్చే కర్బనం, ఏమీ వేయని మడితో పోలిస్తే రెట్టింపు పైనే ఉంది. అయితే అది ఒకటి రెండు ఏళ్లలో వచ్చింది కాదు, దశాబ్దాలు పట్టింది. నేల ఒక్కసారిగా చచ్చిపోదు, ఒక్కసారిగా కోలుకోదు కూడా. ఐదేళ్లకోసారి మారే ప్రభుత్వాలకీ, మూడు నెలలకోసారి లాభం చూపించాల్సిన కంపెనీలకీ నేల నడక అందనిది అందుకే.

పోయే మట్టి ఎంత ఉంటుందో ఒకసారి లెక్కేద్దాం. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు పొర లేచిపోతే నాలుగు ఘనపు మీటర్ల మట్టి పోయినట్టు. ఘనపు మీటరు మట్టి టన్నుంబావు పైనే తూగుతుంది కాబట్టి ఎకరానికి ఐదు టన్నుల పైమాటే. చేలో నిలబడి చూస్తే మిల్లీమీటరు తేడా ఏ కంటికీ ఆనదు. రెండు మూడు సెంటీమీటర్ల నేల తయారవడానికి వెయ్యేళ్ల దాకా పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతుంది. పైగా కొట్టుకుపోయేది కర్బనం, పోషకాలు ఎక్కువగా ఉండే పైపొరే. ఒక్కోసారి నెమ్మదిగా పోవడం కూడా ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గోధుమ ధర ఎగబాకినప్పటి నుంచి అమెరికా మైదానాల్లో వేల ఏళ్ల గడ్డి నేలను ట్రాక్టర్లతో తిరగేశారు. 1930ల కరువులో ఆ మట్టి గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మేసింది, ఆ రోజుకి నల్ల ఆదివారం అని పేరు పడింది. సరిగ్గా 13 రోజులకి, ఏప్రిల్ 27న, నేల సంరక్షణ చట్టం వచ్చింది. కళ్లలో దుమ్ము పడితే గానీ కాగితం కదలలేదు.

ఎరువు సంగతికి మళ్లీ వద్దాం. చేలో వేసిన నైట్రోజన్‌లో ప్రపంచ సగటున సగం దాకానే పంటలోకి చేరుతుంది. మిగిలింది గాలిలోకి, భూగర్భ జలంలోకి, కాల్వలోకి పోతుంది. మిసిసిపీ నది మోసుకొచ్చే పోషకాల వల్ల మెక్సికో సింధుశాఖలో ప్రతి వేసవిలోనూ ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన ప్రాంతం ఏర్పడుతుంది. 2017లో అది 22,000 చదరపు కిలోమీటర్లు దాటింది. నేల లోపల జరిగేది ఇంకొకటి. అమ్మోనియా ఎరువులు మట్టిని పుల్లగా మారుస్తాయి. 1980ల నుంచి 2000ల మధ్య చైనా సాగు నేలల పీహెచ్ సుమారు 0.5 పడిపోయింది. వినడానికి చిన్న అంకె. పీహెచ్ కొలతలో అర పాయింటు అంటే ఆమ్లగుణం మూడు రెట్లు పెరిగినట్టు.

నెదర్లాండ్స్‌లో ఇది ఎక్కడికి పోయిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. చిన్న దేశం, వ్యవసాయ ఎగుమతుల విలువలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. పశువుల పేడ, మూత్రం నుంచి లేచే అమ్మోనియా రక్షిత ప్రకృతి ప్రాంతాల మీద పడుతోందన్నది గొడవ. నైట్రోజన్ వదిలే పనులకి ప్రభుత్వం అనుమతులిచ్చే పద్ధతి చెల్లదని 2019 మేలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తీర్పు చెప్పింది. దాంతో పశువుల కొట్టాలే కాదు, ఇళ్ల నిర్మాణాలూ రోడ్లూ ఆగిపోయాయి. రైతులు ట్రాక్టర్లతో రోడ్డెక్కారు. ఇళ్లు కట్టడానికి కాస్తంత నైట్రోజన్ కోటా మిగల్చడం కోసం 2020 మార్చి నుంచి పగటిపూట హైవేల మీద కార్ల వేగాన్ని గంటకి 100 కిలోమీటర్లకి తగ్గించారు. ఆవుల లెక్క, ఇళ్ల లెక్క, కార్ల లెక్క అన్నీ ఒకే ఖాతాలోకి వచ్చి పడ్డాయి. పర్యావరణానికి హద్దు ఉందంటే అర్థం ఇదే. ఆ హద్దు దగ్గరికి వచ్చాక వ్యవసాయం తన వాటా కోసం పరిశ్రమతోనూ ఇళ్లతోనూ పోటీ పడాలి.

నీళ్లతో వచ్చే ఉప్పు

మనుషులు వాడుకోవడానికి తోడే మంచినీటిలో దాదాపు 70 శాతం సేద్యానికే పోతుంది. నీటి కొరత గురించి అందరికీ తెలుసు కాబట్టి దాన్ని వదిలేసి, తక్కువగా మాట్లాడుకునే ఉప్పు గురించి చెబుతాను. మంచివే అనుకునే సాగునీళ్లలో కూడా లీటరుకి అర గ్రాము లవణాలుండవచ్చు. ఒక పంటకి 600 మిల్లీమీటర్ల నీరు పెట్టామంటే ఎకరానికి 24 లక్షల లీటర్లు. అందులోని ఉప్పు 1,200 కిలోలు. నీటిని మొక్క తాగేస్తుంది, ఎండ లాగేస్తుంది. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. అది కిందికి దిగి బయటికి పోవడానికి వానో మురుగు కాల్వో ఉండాలి. లేకపోతే భూగర్భ జలం పైకి లేచి, ఉప్పుని కూడా పైకి తెస్తుంది. నాలుగేళ్లు పోయాక చేలో తెల్లటి పొడి కనిపిస్తుంది, చవుడు తేలిందంటారు. పంట కాల్వ ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు. మురుగు కాల్వకి రిబ్బను కత్తిరించడానికి వచ్చేవాళ్లు అరుదు. అమూదర్య, సిర్దర్య నదులను 1960ల నుంచి పత్తి చేలకి మళ్లించిన మధ్య ఆసియాలో అరల్ సముద్రం ఎండిపోయిన కథ అందరూ చెబుతారు. ఆ నీళ్లు పారిన చేలలో పెద్ద భాగం ఉప్పు పట్టిపోయిన కథ అంతగా చెప్పరు.

ఊరు ఎటు పెరుగుతుంది

ఇక అభివృద్ధి వైపు. నగరాలు భూమి మొత్తంలో ఆక్రమించేది కొంచెమే, దానికింత టెన్షన్ ఎందుకని కొందరు అడుగుతారు. విస్తీర్ణం చూస్తే వాళ్ల మాట నిజమే. కానీ ఊళ్లు ఎక్కడ పుట్టాయి? నది పక్కన, చదునైన నేల మీద, తిండి దొరికే చోట. కాబట్టి ఊరు నగరమై పెరిగేటప్పుడు మింగేది ఆ చుట్టుపక్కల ఉన్న మేలిరకం నేలనే. 2030 నాటికి నగర విస్తరణ వల్ల ప్రపంచ సాగుభూమిలో సుమారు 2 శాతం పోతుందని 2017లో ఒక అంచనా వచ్చింది. పోయే ఆ నేల ప్రపంచ సగటు కన్నా 1.77 రెట్లు ఎక్కువ పండేది అని కూడా అందులో తేలింది. ధర సంగతి సరేసరి. పొలంగా దాని విలువ ఏటా చేతికొచ్చే పంట మీద ఆధారపడుతుంది. ప్లాటుగా దాని విలువ రోడ్డుకి ఎంత దగ్గరో దాని మీద ఆధారపడుతుంది. ఈ పోటీలో పంట ఎప్పుడూ నెగ్గలేదు. రైతుకి ఆశ ఎక్కువై అమ్ముకున్నాడనడం అన్యాయం. అదే ధర పలికితే అలా అనేవాళ్లూ అమ్ముతారు.

కాంక్రీటు పోసిన నేల మళ్లీ పొలమవడం దాదాపు జరగని పని. అందుకే కొన్ని చోట్ల బజారుకి వదలకుండా ముందే గీత గీశారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, అమెరికాలోని ఓరెగన్ రెండూ 1973లోనే చట్టాలు చేశాయి. నాకు నచ్చింది స్విట్జర్లాండ్ పద్ధతి. పంట మార్పిడికి తగిన మంచి నేల దేశం మొత్తం మీద కనీసం 4.38 లక్షల హెక్టార్లు ఉండి తీరాలని నిర్ణయించి, ఏ కాంటన్ (అక్కడి రాష్ట్రం) ఎంత కాపాడాలో వాటాలు వేశారు. లెక్కలోకి వచ్చేది ఏదో ఒక భూమి కాదు, నాణ్యత పరీక్షకి నిలబడిన నేల.

హెక్టారుకి హెక్టారు

గీత గీసినా ఏమేం జరగవచ్చో చైనాని చూస్తే తెలుస్తుంది. సాగుభూమి 180 కోట్ల ‘ము’ల కన్నా, అంటే 12 కోట్ల హెక్టార్ల కన్నా తగ్గకూడదన్నది అక్కడి ఎర్రగీత. ‘ము’ అనేది చైనా వాళ్ల భూమి కొలత, పదిహేను ‘ము’లు ఒక హెక్టారు. దీనికి తోడుగా 1990ల చివరి నుంచి ఇంకో నియమం: ఫ్యాక్టరీకో రోడ్డుకో పొలం తీసుకుంటే, అంతే విస్తీర్ణం వేరే చోట కొత్తగా సాగులోకి తేవాలి. కాగితం మీద చూస్తే ఇంతకన్నా న్యాయమైన బేరం ఉండదు.

నష్టం ఎక్కడ జరిగిందో చూడండి. ఫ్యాక్టరీలు ఎక్కువగా వచ్చింది వేడి, నీరు పుష్కలంగా ఉన్న దక్షిణ, తూర్పు తీరాల్లో. అక్కడ ఒకే మడిలో ఏడాదికి రెండు, కొన్ని చోట్ల మూడు పంటలు పడతాయి. కొత్తగా దున్నిన నేల చాలావరకు చలి ప్రాంతమైన ఈశాన్యంలో, వానలు తక్కువైన వాయవ్యంలో దొరికింది. అక్కడ ఒక్క పంటే. రెండు పంటల హెక్టారు పోయి ఒక పంట హెక్టారు వస్తే విస్తీర్ణం సమానం, సత్తువ సగం. ఆ ఒక్క పంటకి నీళ్లూ కష్టమే. ఒకప్పుడు దక్షిణం నుంచి ఉత్తరానికి ధాన్యం వెళ్లేది. ఇప్పుడు ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తోంది. అదే సమయంలో, ఎండిపోతున్న ఉత్తరం కోసం దక్షిణం నుంచి వెయ్యి కిలోమీటర్లకి పైగా కాల్వ తవ్వి 2014 డిసెంబరు నుంచి నీళ్లు పంపిస్తున్నారు. నీళ్లు అటు వెళ్తున్నాయి, నీళ్లు తాగి పండిన ధాన్యం ఇటు వస్తోంది.

అసలు ఆశ్చర్యం 2021 ఆగస్టులో బయటపెట్టిన జాతీయ భూ సర్వేలో ఉంది. 2019 చివరికి చైనా సాగుభూమి సుమారు 12.8 కోట్ల హెక్టార్లు. గీత దాటలేదు. కానీ పదేళ్లలో 75 లక్షల హెక్టార్లు తగ్గింది. కాంక్రీటు కిందికి పోయిందనుకుంటాం. ఆ ఖాతా కాగితం మీద సరిపోయిందట. తగ్గిన నేల ప్రధానంగా చెట్ల కిందికీ పళ్ల తోటల కిందికీ పోయింది. ధాన్యంలో మిగిలేది తక్కువ, తోటలో కాస్త ఎక్కువ. పట్నంలో కూలి ఇంకా ఎక్కువ కాబట్టి చెట్లు నాటేసి వెళ్లిపోతే ఏటా దుక్కి, నాట్లు, కోత అనే బాధ లేదు. అందరూ బుల్డోజరు వైపు కాపలా కాస్తుంటే నేల పెరటి గుమ్మం గుండా వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తగ్గిన ప్రతి హెక్టారూ నష్టం కిందికి రాదు. 1999 నుంచి చైనాయే నిటారు వాలుల మీది పొలాలను వదిలించి, రైతుకి ధాన్యం, డబ్బు ఇచ్చి చెట్లు, గడ్డి పెంచింది. వాలు మీద పండే నాలుగు బస్తాల కోసం కింది లోయలోకి టన్నుల మట్టి జారిపోయేది. అలాంటి చోట సాగు ఆపడమే మొత్తం మీద సత్తువని కాపాడింది. ఆ పని చేయడానికి డబ్బు ఎక్కడిది? ఫ్యాక్టరీల నుంచి వచ్చిందే. అభివృద్ధి నేలని తింటుందనేది సగం నిజం. పేద దేశంలో వాలు నేలని వదిలేయమని రైతుకి చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

జపాన్‌లో ఇంకో ముఖం. 1961లో 60 లక్షల హెక్టార్ల పైచిలుకు సాగుభూమి ఉండేది, 2020కి దాదాపు 44 లక్షలకి వచ్చింది. ఇళ్లకీ రోడ్లకీ కొంత పోయింది. కొంత నేలని ఎవరూ ఏమీ చేయలేదు, చేసేవాళ్లు ముసలివాళ్లయ్యారంతే. కొండ వాలు మీది వరిమడి ఒంటరిగా బతకదు. పైమడి గట్టు తెగితే కింది మడికి నీరు నిలవదు. ఊరంతా కలిసి పూడిక తీయకపోతే కాల్వ పారదు. పది ఇళ్లలో ఏడు తాళాలు పడ్డాక మిగిలిన మూడు ఇళ్లు ఎంత కష్టపడినా ఆ ఏర్పాటు నిలవదు. మట్టి మాత్రం గడ్డి కింద బహుశా ముందుకన్నా గుల్లగానే ఉంటుంది. సత్తువలో మనుషులు కూడా ఒక వాటా అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సొంత నేల చాలనప్పుడు దేశాలు ఇంకొకరి నేల వాడుకుంటాయి. 2020లో చైనా సోయా దిగుమతి మొదటిసారి 10 కోట్ల టన్నులు దాటింది. హెక్టారుకి మూడు టన్నులనుకున్నా అది మూడు కోట్ల హెక్టార్లకి పైగా పంట. అదంతా ఓడలెక్కి వచ్చిన భూమి. ఎర్రగీత లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు.

కౌలు కాగితం

నేలని బాగుచేసే పద్ధతులు కొత్తగా కనిపెట్టాల్సినవేమీ లేవు. పప్పుజాతి పంటని మధ్యలో తిప్పడం, పచ్చిరొట్ట వేసి కలియదున్నడం, కోత తర్వాత నేలని బోసిగా వదలకపోవడం, అవసరం లేని దుక్కి మానడం, పుల్లబడిన నేలకి సున్నం, చవుడుకి మురుగు కాల్వ. వీటిలో ఏది ఎక్కడ పనిచేస్తుందనేది నేలని బట్టి మారుతుంది. ఒకటే మందు అన్ని నేలలకీ అంటే నమ్మకండి. వీటి మీద పుస్తకాలకీ శిక్షణలకీ కొదవ లేదు, అయినా రైతులు ఎందుకు చేయట్లేదని తల పట్టుకునేవాళ్లు ఒకసారి కౌలు కాగితం చూడాలి. పచ్చిరొట్ట విత్తనానికి ఖర్చు ఈ ఏడు. దాని ఫలితం మట్టిలో నిలిచేది నాలుగైదేళ్లకి. కౌలు ఒక్క ఏడాదికి. వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియని మడిలో ఎవరైనా ఎందుకు పెట్టుబడి పెడతారు? యజమాని పట్నంలో ఉంటాడు, కౌలు డబ్బు చేతికొస్తే చాలు. కౌలుదారు ఉన్నన్నాళ్లు పిండుకుంటాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదు, నేల మాత్రం ఇద్దరి మధ్యా నలిగిపోతుంది.

ఈ ముడిని ఒకప్పుడు ఇంగ్లండు విప్పడానికి ప్రయత్నించింది. 1875లో ఒక చట్టం చేశారు, తప్పించుకునే వీలుండటంతో అది పెద్దగా పనిచేయలేదు. 1883లో తప్పనిసరి చేశారు. కౌలుదారు పొలం వదిలి వెళ్లేటప్పుడు, అతను నేలలో పెట్టి ఇంకా అరిగిపోకుండా మిగిలిన దానికి యజమాని పరిహారం కట్టాలి. చల్లిన సున్నానికి, ఎముకల ఎరువుకి, బయట కొన్న ఎరువుకి కూడా. అంతే కాదు, అతను కొనుక్కొచ్చి ఆ పొలంలో పశువులకి పెట్టిన నూనె గింజల చెక్కకి కూడా, ఎందుకంటే అది పేడగా మారి ఆ నేలలోనే కలిసింది. ఇందులో ఎంత మిగిలిందో లెక్కగట్టడానికి మదింపు చేసేవాళ్లు పొలానికి వచ్చేవారు. మట్టి పరీక్షా కేంద్రాలు ఊరూరా లేని రోజులవి.